వెనక బెంచీకి వినబడుతుందా?

హాస్టల్, మెట్ల పక్క గది
సోమవారం

వదినకు,

గొంతు ఎలా ఉంది? నోటితో చెప్పకు, రాసి పంపు. ఆపరేషన్ అయ్యాక మాట్లాడొద్దని డాక్టరు చెప్పినప్పటి నుంచీ నీ వాటా మాటలు కూడా అన్నయ్యే మాట్లాడేస్తున్నాడు. నిన్న ఫోన్ చేస్తే, "మీ వదిన బాగుంది, తిన్నది, నవ్వింది, నిన్ను తిట్టింది" అన్నాడు. మాట్లాడని మనిషి ఎలా తిట్టిందని అడిగితే "కళ్ళతో" అన్నాడు. నమ్మాను. ఆ కళ్ళు నాకు తెలియనివి కావుగా!

ఇక్కడ టీచర్ ట్రైనింగులో నేనే పెద్దదాన్ని. మా క్లాసులో కొందరు నన్ను ఆంటీ అంటారు, కొందరు మేడమ్ అనుకుని లేచి నిలబడతారు. నాతో గదిలో ఉండే పిల్లకు నిద్రమొహం అని పేరు పెట్టాను. తడి సాక్సులు టేబుల్ ఫ్యానుకు కట్టి, దాని ముందే పడుకుంటుంది. మంచి పిల్ల.

అసలు సంగతికి వస్తాను. మేమంతా ఒక్కో పెద్ద వ్యాసం రాయాలి. రాయడానికి ముందు, వ్యాసం దేనికి జవాబు వెతుకుతుందో ఆ ఒక్క ప్రశ్న రాసి, మా వ్యాసాలు చూసే గైడు గారి సంతకం తీసుకోవాలి. నేను మొదట "విద్యావిధానంలో మాట పాత్ర" అని రాసిచ్చాను. ఇది ప్రశ్న కాదమ్మా అన్నారు. మళ్ళీ "పిల్లల చదువు మీద టీచరు ప్రభావం ఏమిటి?" అని రాసిచ్చాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "దీనికి జవాబు రాయాలంటే నీకూ నాకూ ఇంకో జన్మ కావాలి" అన్నారు.

టర్ము సగానికల్లా సంతకం పడకపోతే నా ఏడాది పోయినట్టే. అన్నయ్య కళ్ళద్దాల షాపులో అన్నేళ్ళు "ఈ అక్షరం కనబడుతోందా అండీ" అని అడిగి అడిగి, ఈ వయసులో బయటపడి వచ్చాను. ఒకసారి వెనక్కి వెళ్తే మళ్ళీ వచ్చే ధైర్యం నాకుండదు. పిల్లల చేత ఇన్నేళ్ళు వ్యాసాలు రాయించినదానివి. ఒక మంచి ప్రశ్న రాసి పంపు వదినా, దండం పెడతాను.

నీ వాగుడుకాయ


ఇల్లు, కిటికీ దగ్గర కుర్చీ
శనివారం

వాగుడుకాయకు ఆశీస్సులు.

ఆడపడుచు దండం పెట్టిందంటే వదిన జాగ్రత్తపడాలని మా అమ్మ చెప్పేది. అందుకని జాగ్రత్తగానే రాస్తున్నాను. ప్రశ్న రాసి పంపను. నేను రాసిన ప్రశ్నకు నువ్వు జవాబు వెతకడం, నా కళ్ళజోడు పెట్టుకుని నువ్వు చదవడం లాంటిది. షాపులో పనిచేసినదానివి, దాని వల్ల వచ్చే తలనొప్పి నీకు తెలుసు.

ఆవు మీద వ్యాసం రాయమంటే, ఆవును తీసుకెళ్ళి చెట్టుకు కట్టేసి చెట్టు గురించి రాసినవాడి కథ చిన్నప్పుడు మనందరం విన్నదే. నువ్వు వాడికంటే ఘనురాలివి. ఆవూ లేదు, చెట్టూ లేదు, ఏకంగా అడవి పట్టుకొచ్చావు. పిల్లలంటే ఎవరు? పాలపళ్ళు ఊడుతున్నవాళ్ళా, మీసాలు వస్తున్నవాళ్ళా? టీచరంటే ఎవరు? ప్రభావం అంటే మార్కులా, భయమా, పొద్దున్నే బడికి పోవాలనిపించడమా? దాన్ని నువ్వు నీ కళ్ళతో చూడగలవా, చెవులతో వినగలవా? నీ చేతికి అందనిదాన్ని అడిగితే అది నేల విడిచి సాము చేయడమే.

మన పద్ధతి ఇది. నువ్వు ప్రశ్న రాసి పంపు. నేను దాని మీద ప్రశ్నలు వేసి తిప్పి పంపుతాను. ఫోన్‌లో మెసేజీలు వద్దు, అవి నీ బుర్ర కంటే ముందు పరిగెడతాయి. ఉత్తరం రాస్తే కనీసం కవరు అంటించేటప్పుడైనా ఆలోచిస్తావు.

గొంతు గురించి అడిగావు. నెమ్మదిగా ఉంది. నా క్లాసును ఇప్పుడు ఒక కొత్తమ్మాయి చూసుకుంటోంది, గట్టి గొంతట. మీ అన్నయ్య మాట్లాడీ మాట్లాడీ తనకూ గొంతు నొప్పి అంటున్నాడు. వేరే విశేషాలు లేవు.

వదిన


హాస్టల్, మెట్ల పక్క గది
ఆదివారం

వదినకు,

నువ్వు అడవి అన్నావని నేను చెట్టు కూడా వదిలేసి ఆకు పట్టుకున్నాను. "నాలుగో తరగతి గదిలో రోజుకు ఎన్ని చాక్‌పీసులు విరుగుతాయి?" అని రాసి గైడు గారి దగ్గరికి వెళ్ళాను. ఏ తరగతో ఉంది, కళ్ళతో చూడొచ్చు, లెక్కపెట్టొచ్చు. ఆయన శ్రద్ధగా చదివి, "విరిగితే ఏమవుతుంది?" అన్నారు. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ళ గురించి విన్నాం కానీ, కొండ జోలికి పోకుండానే ఎలుకను పట్టినదాన్ని నేనే అయ్యుంటాను. చిన్న ప్రశ్న అయితే చాలదు, దాని జవాబు ఎవరికో ఒకరికి కావాలి అని ఆయన నన్ను కూర్చోబెట్టి చెప్పారు. విసుక్కోలేదు. ఆయన మీద నాకు మొదట కోపం ఉండేది, ఇప్పుడు లేదు.

వారంలో కొన్ని రోజులు మమ్మల్ని పక్కనున్న స్కూలుకు పంపుతున్నారు, పాఠాలు చెప్పడం నేర్చుకోవడానికి. నాకు నాలుగో తరగతి లెక్కలు ఇచ్చారు. పొడుగాటి గది. ఒక పక్కంతా కిటికీలు, కిటికీల అవతల రోడ్డు. బస్సు ఆగినప్పుడల్లా వెనక బెంచీ పిల్లలు పాఠం మానేసి దిగేవాళ్ళను చూస్తారు. నేను గొంతెత్తితే బస్సు డ్రైవరు కూడా భాగహారం నేర్చుకుని పోవాల్సిందే. నిద్రమొహం నా పాఠం వినడానికి వచ్చి, "ఆంటీ, నాకు మొదటిసారి క్లాసులో నిద్ర రాలేదు" అంది.

అక్కడే తట్టింది ఈ ప్రశ్న. చూడు: "టీచరు మెల్లగా మాట్లాడితే నాలుగో తరగతి పిల్లలు మరింత శ్రద్ధగా ఎలా నేర్చుకుంటారు?" ఎవరో ఉంది, ఎక్కడో ఉంది, దేని గురించో ఉంది. జవాబు కావలసినవాళ్ళూ ఉన్నారు. గైడు గారికి ఇంకా చూపించలేదు, ముందు నీకే. ఈసారి నువ్వు మెచ్చుకుంటావని ఆశగా ఉంది.

నీ వాగుడుకాయ


ఇల్లు
గురువారం

నీ ప్రశ్న చదివాను. అన్నీ ఉన్నాయి, ప్రశ్న తప్ప.

"ఎలా నేర్చుకుంటారు" అన్నావు. అసలు నేర్చుకుంటారని నీకు ఎవరు చెప్పారు? మెల్లగా మాట్లాడితే మేలు అని ముందే నిర్ణయించేసుకున్నావు. ఇక వెతికేదేముంది? నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని, నాలుగో కాలు కనబడినా చూడనట్టు నటిస్తావు.

ఆ మెల్లగా మాట్లాడే టీచరు ఎవరో నాకు అర్థం కాదనుకున్నావా? మీ అన్నయ్య నోట్లో నువ్వుగింజ నానదు. చెప్పే ఉంటాడు. నేను కూడా చెబుతాను విను. కట్టు విప్పాక మాట్లాడే అనుమతి వచ్చి చాలా రోజులైంది. గొంతు వచ్చింది కానీ పాతది రాలేదు. ఎదురుగా కుర్చీలో కూర్చున్నవాళ్ళ దాకా వెళ్తుంది, అక్కడ ఆగిపోతుంది. ఇక ఇంతే అన్నాడు డాక్టరు. అరిస్తే ఈ కాస్తా పోతుందన్నాడు. నీకు ఫోన్ చేయకుండా ఉత్తరాలే రాస్తున్నానంటే, ఒక్క మాట వింటే నీకు తెలిసిపోతుందని.

టర్ము అయ్యాక ఇక రానని హెడ్‌మిస్ట్రెస్‌తో అన్నాను. రాజీనామా కాగితం ఇవ్వాలి, అదొక్కటే మిగిలింది. వెనక బెంచీకి వినబడకుండా పాఠం చెప్పడం నాకు చేతకాదు. అది పాఠం చెప్పినట్టు నటించడం అవుతుంది.

నన్ను ఓదార్చడానికి వ్యాసం రాయకు. నీ ఏడాది పోతుంది, నా గొంతు రాదు.

వదిన


హాస్టల్, మెట్ల పక్క గది
మంగళవారం

వదినా,

నీ ఉత్తరం చదివి కోపం వచ్చింది. నిద్రమొహం మీద అరిచాను, సాక్సులు ఫ్యాను నుంచి పీకి పారేశాను. ఆ పిల్ల లేచి వెళ్ళి నాకు టీ తెచ్చింది. టీ తాగాక మళ్ళీ చదివాను. నువ్వు రాసిన ప్రతి ముక్కా నిజం. అందుకే అంత మండింది.

అవును, అన్నయ్య చెప్పాడు. చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. అన్నయ్య మాట మధ్యలో ఆపడం నేను ఎప్పుడూ వినలేదు. అప్పుడే నిర్ణయించుకున్నాను, మా వదిన గొంతు తగ్గినా ఆమె కంటే మంచి టీచరు లేదని పుస్తకంలా రాసి చూపించాలని.

ఎందుకో కూడా చెబుతాను, ఎప్పుడూ చెప్పలేదు కాబట్టి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను షాపులో ఉన్న రోజుల్లో ఎవరినీ ఏమీ అడగలేదు. అందరూ నా చేత పనులు చేయించుకునేవాళ్ళు, నేనూ నవ్వుతూ చేసేదాన్ని. నువ్వు ఒకరోజు గిన్నెలు తుడుస్తూ, "నీకేం కావాలి?" అని అడిగావు. టీ కావాలా, కాఫీ కావాలా అన్నట్టు కాదు. నాకు జవాబు తెలియలేదు. తెలిసేదాకా నువ్వు మళ్ళీ అడుగుతూనే ఉన్నావు. టీచరు కావాలని ఉందని చెప్పినప్పుడు నవ్వలేదు. ఆ వంటింటి బల్ల మీదే భిన్నాలు మొదటి నుంచి నేర్పావు. నేను ఇక్కడ ఉన్నానంటే నీ వల్లే. ఈ మాట నీ మొహం మీద చెప్పాలంటే ఏదో ఒక జోకు వేసి తప్పించుకుంటాను, అందుకే రాస్తున్నాను.

ఇప్పుడు ప్రశ్న. పాతది చింపేశాను. ఇది చూడు: "మా ప్రాక్టీసు స్కూలు నాలుగో తరగతిలో, ఒకే టీచరు లెక్కల పాఠం గొంతెత్తి చెప్పిన రోజులకూ, ఎత్తకుండా చెప్పిన రోజులకూ మధ్య, ముందు బెంచీల పిల్లలూ వెనక బెంచీల పిల్లలూ జవాబు చెప్పడానికి చేతులెత్తడంలో తేడా ఉంటుందా? ఉంటే ఎటువైపు?"

పొడుగ్గా ఉంది, నాకు తెలుసు. కానీ ఇందులో కుందేలు కాళ్ళు నేను లెక్కపెట్టలేదు.

ఒక్క భయం ఉంది. జవాబు నీకు నచ్చనిది రావచ్చు. వస్తే దాన్ని అలాగే రాయాలి. నా చేత్తో నేను రాయాలి. సంతకానికి గడువు వచ్చే వారంతో అయిపోతుంది. నువ్వు వద్దంటే చాక్‌పీసులకు ఏదో ఒక ప్రయోజనం కనిపెట్టి బతికేస్తాను. నువ్వు ఒప్పుకుంటేనే ఇది గైడు గారికి ఇస్తాను.

నీ వాగుడుకాయ


ఇల్లు, కిటికీ దగ్గర కుర్చీ
శుక్రవారం

వాగుడుకాయకు,

ఇవ్వు. ఈ ఉత్తరం అందిన రోజే ఇవ్వు.

జవాబు ఏం వస్తుందోనని నాకు భయంగా ఉంది. నీకూ భయంగా ఉందన్నావు. ఇద్దరం భయపడుతున్నామంటే నువ్వు నిజంగా ప్రశ్నే అడిగావు. జవాబు అవునని వచ్చినా కాదని వచ్చినా తెలుసుకోవాలనిపిస్తేనే అడగాలి. మిగతా సూత్రాలన్నీ దీని తరువాతే. ఇన్నేళ్ళలో నా పిల్లలకు ఇది ఇంత స్పష్టంగా నేనెప్పుడూ చెప్పలేదు. నీ మీద కోపం వచ్చినప్పుడే నాకూ తెలిసింది.

కొన్ని జాగ్రత్తలు. చేతులు నువ్వు లెక్కపెట్టకు. నీకు ప్రేమ ఎక్కువ, లేని చేతులు కూడా కనబడతాయి. ఆ నిద్రమొహాన్ని పెట్టు, ఆ పిల్లకు నేనెవరో తెలియదు. ఏ రోజు గొంతెత్తుతావో, ఏ రోజు ఎత్తవో పిల్లలకు చెప్పకు. పాఠాలు రెండు రకాల రోజుల్లోనూ ఒకే కష్టంవి ఉండాలి. తేలికైనవి మెల్లగొంతుకు ఇచ్చి గెలిపించకు, నేను పట్టుకుంటాను.

వంటింటి బల్ల సంగతి రాశావు. ఆ రోజులు నీకే కాదు, నాకూ బాగుండేవి. స్కూల్లో ఎంత అలిసిపోయి వచ్చినా, నీకు భిన్నం అర్థమైనప్పుడు నువ్వు బల్ల మీద కొట్టిన చరుపుకి అలసట పోయేది. పక్కింటివాళ్ళు మనం పోట్లాడుకుంటున్నామనుకునేవాళ్ళు.

వదిన


హాస్టల్, మెట్ల పక్క గది
ఆదివారం

వదినకు,

సంతకం ఆ వారమే పడింది! గైడు గారు ప్రశ్న చదివి, మళ్ళీ చదివి, కలం తీశారు. "దీని జవాబు నాకూ తెలియదు, త్వరగా చేసుకురా" అన్నారు. ఏడాది దక్కింది వదినా. నీ ప్రశ్నలే దక్కించాయి.

ఇన్ని వారాలు ఉత్తరం రాయలేదంటే పని అయ్యేదాకా రాయకూడదని పంతం. మధ్యలో రాస్తే నీకు ఆశలు పెట్టేస్తాను, నా సంగతి నాకు తెలుసు. గొంతెత్తకుండా పాఠం చెప్పడం నాకు ఎంత కష్టమైందో ఏం చెప్పను! మొదటి రోజు ఒక పిల్లవాడు లేచి, "టీచర్, మీకు జ్వరమా?" అన్నాడు. నిద్రమొహం మూల స్టూలు మీద కూర్చుని, కన్నార్పకుండా చేతులు లెక్కపెట్టింది. ఆ పిల్ల అంత మెలకువగా ఉండడం నేను చూడడం అదే మొదటిసారి.

ఇప్పుడు జవాబు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ముందు బెంచీల్లో తేడా లేదు. మధ్య బెంచీల్లో, నేను గొంతు తగ్గించిన రోజుల్లో చేతులు పెరిగాయి. గోడ పక్కన కూర్చునే ఒక పిల్ల నేను అరిచినన్నాళ్ళూ నోరు విప్పలేదు, ఇప్పుడు నా మాట అయ్యేలోపే చెయ్యెత్తుతోంది. గది కూడా సద్దుమణిగింది. వినాలంటే వాళ్ళు ఊరుకోవాలి కదా!

కిటికీల వైపు వెనక బెంచీలు మాత్రం పోయాయి. మొదటి రోజు మెడలు సాచి విన్నారు. తరువాత మానేశారు. ఆఖరికి కాగితం ఉండలు విసురుకున్నారు. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు వాళ్ళ చేతులూ లేచాయి, బస్సు వస్తే దిగిపోయాయి. నేను గొంతెత్తిన రోజుల్లో ఈ బాధ లేదు.

దీన్ని మెత్తగా రాయాలని చెయ్యి లాగింది. రాయలేదు. అలాంటి గదిలో వెనక బెంచీకి మెల్లగొంతు చాలదు వదినా. నీ భయం నిజమే. ఇది ఒక్క తరగతిలో, ఒక్క గదిలో, నాలాంటి ఒక్క నోటిగలదాని పాఠాల్లో తేలిన సంగతి, ఇంకో చోట ఇలాగే ఉంటుందని చెప్పలేనని కూడా రాశాను. గైడు గారు ఆ వాక్యం కింద గీత గీసి, చాలా బాగుందన్నారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. మంచి మార్కులు వచ్చే వ్యాసమే రాశాను, నీకు మంచి కబురు రాయలేకపోయాను.

ఈ ఉత్తరం, వ్యాసం నకలుతో కలిపి, డబ్బాలో వేయడానికి గేటు దాకా వెళ్ళి ఒకసారి తిరిగొచ్చాను. ఇప్పుడు నిద్రమొహానికి ఇచ్చి పంపుతున్నాను.

నీ వాగుడుకాయ


స్టాఫ్ రూమ్, బీరువా పక్క బల్ల
బుధవారం

నా వాగుడుకాయకు,

పైన ఎక్కడి నుంచి రాశానో చూశావా? చూడకపోతే మళ్ళీ చూడు.

నీ ఉత్తరం చదివి మొదట పడుకున్నాను. మీ అన్నయ్య నా మొహం చూసి, పాపం, దుప్పటి కప్పి వెళ్ళాడు. లేచాక ఇంకోసారి చదివాను. అంతా బాగుందని నువ్వు రాసి ఉంటే చెల్లెలి ప్రేమ అనుకుని మడిచి పెట్టేసేదాన్ని. వెనక బెంచీ పోయిందని రాశావు కాబట్టి మధ్య బెంచీల సంగతి నమ్మాను. ఆ గోడ పక్క పిల్లను నమ్మాను.

ఆపరేషన్ అయినప్పటి నుంచీ నన్ను నేను ఒకటే అడుగుతున్నాను, ఇక నేను పాఠం చెప్పగలనా అని. నీకు అన్ని నీతులు చెప్పినదాన్ని, నా ప్రశ్న మాత్రం నీ మొదటి ప్రశ్నంత ఉంది. ఏ పాఠం, ఏ గదిలో, ఎంతమందికి? ఇవేవీ అడగలేదు. అంత పెద్ద ప్రశ్నకు ఎప్పుడు చూసినా లేదనే జవాబు వచ్చింది. నువ్వు దాన్ని కోసి నా చేతిలో పెట్టావు. వెనక బెంచీ, రోడ్డు వైపు కిటికీ. అంతే. దానికి ఏదో ఒకటి చేయొచ్చు.

నీ వ్యాసం తీసుకుని హెడ్‌మిస్ట్రెస్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చివరిదాకా చదివింది. మా బడి వెనక, ఆటస్థలం వైపు పాత పటాలూ విరిగిన కుర్చీలూ పడేసే చిన్న గది ఒకటుంది. రోడ్డు చప్పుడు రాదు. అది నాకు కావాలన్నాను. చిన్న గదికి చిన్న తరగతే పడుతుంది, మూడో తరగతిలో సగంమందిని ఇస్తానంది. మిగతా సగం ఆ గట్టి గొంతు కొత్తమ్మాయికి. మీ అన్నయ్య షాపు మూసి వచ్చి కుర్చీలన్నీ బయటికి మోశాడు. బెంచీలు మూడు గోడల వెంటా వేశాం. ఆ గదిలో ఇప్పుడు వెనక అనేదే లేదు.

నీకు కృతజ్ఞత ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు. నీ వల్ల నా పని నాకు తిరిగి దక్కింది. ఇంతకంటే బాగా రాయడం రాదు.

ఇవాళ మొదటి రోజు. లోపలికి వెళ్ళి పేర్లు పిలిచాను. ఎదురుగోడ దగ్గరి పిల్ల ఒకతి చెయ్యెత్తి, "మేడమ్, మీ గొంతు ఎప్పుడొస్తుంది?" అని అడిగింది. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, అన్నీ ఉన్న ప్రశ్న. నీ గైడు గారు ఉంటే అక్కడికక్కడే సంతకం పెట్టేవారు.

"వచ్చేసిందమ్మా. ఇదే" అన్నాను.

ఆ పిల్ల లేచింది. పక్కనున్న పిల్లను లేపింది. ఇద్దరూ కలిసి వాళ్ళ బెంచీని నా దగ్గరికి జరుపుకున్నారు.

మీ వదిన